1950ల నాటి ఇళ్ల ప్లాన్లు దొరికాయి: వీటిని ఎలా చదవాలి, ఎలా కాపాడాలి?

ముక్తేశ్వరం మనుమరాలు (ప్రశ్న):

మా మాతామహులు 1940ల చివరి నుంచి 1970ల మధ్య వరకు అమలాపురం కేంద్రంగా ఇళ్లకూ, చిన్నచిన్న ప్రజా భవనాలకూ ప్లాన్లు గీసేవారు. ఎల్‌.సి.ఇ. అనే సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా చదివి, కొంతకాలం జిల్లా బోర్డులో ఓవర్సీరుగా పనిచేసి, ఆ ఉద్యోగం విడిచిపెట్టి సొంతంగా పని మొదలుపెట్టారని ఇంట్లో పెద్దలు చెబుతారు. ఆయన్ని ఎవరూ ఆర్కిటెక్టు అని పిలవలేదు, ఇంజనీరుగారనే అనేవారు. అయినా గౌతమికీ వైనతేయకూ మధ్య ఉన్న ఊళ్లలో ఆయన ప్లాను మీద కట్టిన ఇళ్లు, రెండు మూడు బడులు, ఒక రైసుమిల్లు, ఒక గ్రంథాలయం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఈ మధ్య పాత ఇల్లు పంపకాలకు వచ్చినప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలో ఆయన డ్రాయింగులు నూటికి పైగా బయటపడ్డాయి. కొన్ని నీలిరంగు కాగితం మీద తెల్లగీతలతో ఉన్నాయి. కొన్ని ఒకవైపు నునుపుగా, రెండోవైపు గరుకుగా ఉండే పల్చని గుడ్డ మీద నల్లసిరాతో గీసినవి. మరికొన్ని గోధుమరంగుకు తిరిగి, గీతలు వెలిసిపోయి, ముట్టుకుంటే అంచులు పెళుసుగా విరుగుతున్నాయి. సగానికి పైగా వాటి మీద తేదీ లేదు. వాటితో పాటు ఎస్టిమేట్ల కట్టలూ, ఖాతాదారుల ఉత్తరాలూ ఉన్నాయి.

మా బంధువుల్లో కొందరు అన్నిటినీ లామినేషన్ చేయించేద్దామంటున్నారు, మరికొందరు ఫోన్‌తో ఫొటోలు తీసుకుని కాగితాలు పారేస్తే సరిపోతుందంటున్నారు. నాకు రెండూ నచ్చడం లేదు. తేదీలు లేని డ్రాయింగుల కాలం ఎలా నిర్ణయించాలో, మన గాలిలో వీటిని ఎలా భద్రపరచాలో, రిజిస్టరైన ఆర్కిటెక్టు కాని వ్యక్తి పనిని ఏ సంస్థ అయినా విలువగా చూస్తుందో లేదో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ధవళేశ్వరం విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్:

అమ్మా, ముందుగా లామినేషన్ మాట ఎత్తినవారిని ఆపండి. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగిన తరువాత దాన్ని తిరిగి విడదీయడం ఎవరి తరమూ కాదు. సెల్లోటేపు కూడా అంతే; దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకగా కాగితంలో నిలిచిపోతుంది. చిరుగులను ఇప్పుడు అతికించకుండా అలాగే ఉంచడమే మంచిది.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు వస్తువులు కనుక మూడింటినీ ఒకే విధంగా చూడకూడదు. నీలి కాగితాలను మా శాఖలో ఫెర్రో ప్రింట్లు అనేవాళ్లం. ట్రేసింగును, అంటే పారదర్శకమైన గుడ్డ లేదా కాగితం మీద గీసిన అసలు డ్రాయింగును, ఫెర్రో పేపరు మీద పరిచి, అద్దాల ఫ్రేములో బిగించి, ఎండలో పెట్టి, తరువాత నీళ్ల తొట్టిలో కడిగి, తాడు మీద ఆరవేసేవాళ్లం. వెలుతురు తగిలిన చోటు నీలంగా మారుతుంది, గీత కింద ఉన్న చోటు తెల్లగా మిగిలిపోతుంది. ఈ నీలం వెలుతురుకు వెలిసినా, చీకటిలో కొన్నాళ్లు ఉంచితే కొంతవరకు తిరిగి వస్తుంది. కాని క్షారగుణం ఉన్నదేదీ దానికి పడదు. ఆమ్లరహితమని చెప్పి అమ్మే కాగితాల్లో చాలావాటికి సున్నపు పదార్థం కలుపుతారు, అది మామూలు కాగితానికి మేలు చేస్తుంది గాని ఫెర్రో ప్రింటుకు కీడు చేస్తుంది. కాబట్టి ఫెర్రోల మధ్య పెట్టడానికి ఆ కలుపు లేని కాగితమే అడిగి తెచ్చుకోండి.

గోధుమరంగుకు తిరిగినవి అమ్మోనియా ప్రింట్లు అయివుంటాయి. వాటిని తీసే గదిలోకి అడుగుపెడితే కళ్లు మండేవి. ఆ ప్రింట్లు చేతికి వచ్చిన రోజు చక్కగా ఉంటాయి గాని వాటి ఆయుష్షు తక్కువ. లోపలి రసాయనం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కనుక పక్కనున్న కాగితాలను కూడా పాడుచేస్తుంది. మొట్టమొదట వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి, వాటినే ముందుగా ఫొటో తీయించండి. నిలబడనివి అవే.

ఇక గుడ్డ. అదే ట్రేసింగ్ క్లాత్, మీ దగ్గర ఉన్నవాటిలో అసలైన సొత్తు. సన్నని నూలుగుడ్డకు గంజి దట్టంగా పట్టించి, రోలర్ల మధ్య నలిపి, అద్దంలా చేసేవారు. సిరా బాగా పట్టడానికి సుద్దపొడి రుద్ది, రూలింగ్ పెన్నుతో గీసేవాళ్లం. పొరపాటు వస్తే బ్లేడుతో సుతారంగా గీకి, ఆ చోటును నున్నగా రుద్ది మళ్లీ గీసేవాళ్లం. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గీకిన చోట్లు మీకే కనిపిస్తాయి. మీ తాతగారు ఏ కిటికీని ఎక్కడి నుంచి ఎక్కడికి జరిపారో, ఏ గోడను ఎంత తగ్గించారో ఆ గీకుళ్లే చెబుతాయి, ప్రింటు మీద అవి కనిపించవు. ఈ గుడ్డకు తడి ప్రాణాంతకం. ఒక్క చుక్క పడినా గంజి కరిగి తెల్లటి మచ్చ పడుతుంది. అందులోని గంజిని తడిపి వదలగొట్టి చేతిరుమాళ్లు కుట్టించుకున్నవాళ్లు మా రోజుల్లో ఉండేవారు. ఆ విధంగా ఎన్ని మంచి డ్రాయింగులు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ గంజి కోసమే వెండిచేపల పురుగులూ బొద్దింకలూ కూడా వస్తాయి.

మన ఊళ్లలో నిలవచేసే చోటు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. గోడకు ఆనించి పెట్టవద్దు, నేల మీద పెట్టవద్దు, పెంకు కింద అటక మీదికి తిరిగి ఎక్కించవద్దు. గాలి ఆడే లోపలి గదిలో, ఏటిగట్టు తెగినా నీళ్లు అందనంత ఎత్తున, స్టీలు బీరువాలో పరిచి ఉంచగలిగితే చాలు. పరచడానికి చోటు లేని పెద్ద షీట్లను లావుపాటి గొట్టం మీద బయటివైపు చుట్టి, పైన ఉతికిన గంజిలేని నూలుగుడ్డ కప్పండి. కలరా ఉండలు కాగితానికీ సిరాకూ మంచివి కావు, మనుషులకూ మంచివి కావు. చుట్టుకుపోయి పెళుసుబారినవాటిని బలవంతంగా విప్పవద్దు, ఇస్త్రీ అసలే చేయవద్దు. వాటిని తెలిసినవారి చేతికి వదిలేయండి.

కాకినాడ బోధకుడు:

పైన చెప్పినదంతా సరైనదే. నేను కాలనిర్ణయం గురించీ, మీ చివరి ప్రశ్న గురించీ చెబుతాను.

తేదీ లేని డ్రాయింగుకు ఎస్టిమేటే సాక్షి. లెక్క రూపాయలు, అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోవచ్చు. నయాపైసలు అని రాసి ఉంటే 1957కూ 1964కూ మధ్యది, ఎందుకంటే 1964లో 'నయా' అన్న మాటను తీసివేశారు. చిరునామాలో మద్రాసు రాష్ట్రం ఉంటే 1953 అక్టోబరుకు ముందు కాలం. ఆంధ్ర రాష్ట్రం అని మాత్రమే ఉంటే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు వరకు ఉన్న ఆ మూడేళ్లు. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే ఆ తరువాత. ఉత్తరం మీద పిన్‌కోడ్ కనిపిస్తే అది 1972 ఆగస్టుకు తరువాతిది. కొలతలను మాత్రం నమ్ముకోవద్దు. 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చినా ఇళ్ల పనిలో అడుగులూ అంగుళాలూ పోలేదు, నేటికీ మన మేస్త్రీలు అడుగుల్లోనే మాట్లాడతారు. ఒక్క ఆధారంతో తృప్తిపడకుండా రెండు మూడు కలిసినప్పుడే తేదీ రాయండి, అది కూడా డ్రాయింగు మీద కాక విడి కాగితం మీద పెన్సిలుతో రాయండి.

కట్టుబడి పద్ధతి కూడా కాలం చెబుతుంది. టేకు దూలాల మీద ఇటుకను నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాసు టెర్రసు, ఇనుప గర్డర్ల మధ్య ఇటుకతో వంపుగా కట్టే జాకార్చి, మంగుళూరు పెంకు, తరువాత ఆర్‌.సి.సి. శ్లాబు అనే క్రమం స్థూలంగా నిజమే. అయితే సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ 1982లో సడలేవరకు చాలావరకు పర్మిట్లతోనే దొరికేది కనుక, 1960లలో కూడా సిమెంటును గుమ్మాల, కిటికీల పైన వేసే లింటెళ్లకూ సన్‌షేడ్లకూ పరిమితం చేసి, గోడలను గానుగ సున్నంతో కట్టిన ఇళ్లు డెల్టాలో చాలా ఉన్నాయి. మీ తాతగారి ఎస్టిమేట్లలో సిమెంటు బస్తాల లెక్కను సంవత్సరాల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయన దేన్ని కొత్తగా నేర్చుకున్నారో, దేన్ని మొండిగా వదలలేదో తెలుస్తుంది. ఒక వృత్తిజీవితాన్ని అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు కనిపించదు.

రిజిస్టరు కాలేదన్న సంకోచం మీకు అవసరం లేదు. ఆర్కిటెక్టు అనే హోదాకు చట్టబద్ధమైన నియమాలు వచ్చింది 1972 చట్టంతోనే. మీ తాతగారు పనిచేసిన కాలంలో ఎక్కువ భాగం ఆ చట్టానికి ముందుదే. కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల 1946లో వచ్చేవరకు ఈ ప్రాంతం పిల్లలు ఇంజనీరింగ్ చదవడానికి మద్రాసులోని గిండీకి వెళ్లవలసి వచ్చేది. డెల్టాలో ఇళ్లను ఓవర్సీర్లూ, మేస్త్రీలూ, వడ్రంగులూ కట్టారు. వారిలో కాగితాలు మిగిల్చినవారు బహు అరుదు, అందుకే మీ పెట్టె విలువైనది.

పేరున్నవారి సంగతి కూడా చూడండి. శ్రీలంక ఆర్కిటెక్టు జెఫ్రీ బావా 1919లో పుట్టి, ముందు న్యాయవాదిగా ఉండి, లండన్‌లో చదివి 1957లో, అంటే ముప్పై ఎనిమిదో ఏట, ఆర్కిటెక్టు అయ్యారు. కొలంబోలో ఎనా డి సిల్వా కోసం 1960–62 మధ్య ఆయన కట్టిన ఇంటి ప్లాను మన మండువా లోగిలి ఎరిగినవారికి వెంటనే అర్థమవుతుంది. నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి, దాని చుట్టూ వసారాలు, స్తంభాలు, లోపలికి వాలిన పెంకు కప్పు, గదుల నుంచి గదులకు గాలి. తరువాత ఆ స్థలం చేతులు మారినప్పుడు ఇంటిని విప్పి, భాగాలకు గుర్తులు పెట్టి, బెంటోట దగ్గర ఆయన తోట లునుగంగలో మళ్లీ నిలబెట్టారు. మన వైపు ఏటా ఎన్ని మండువా ఇళ్లు విప్పి స్తంభాలనూ గుమ్మాలనూ అమ్ముకుంటున్నారో మీకు తెలుసు. ఆ స్తంభాలు ఏ వరసలో, ఎంత ఎడంగా నిలిచాయో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఉండదు కనుక అవి హోటళ్లలో అలంకారాలుగా మిగులుతున్నాయి.

బావా కార్యాలయం డ్రాయింగుల్లో చెట్లనూ ఆకులనూ కూడా గోడలతో సమానమైన శ్రద్ధతో గీసేవారు. ఆ చేతుల్లో లకీ సేనానాయక వంటి కళాకారులవీ ఉన్నాయి. 2023లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో బావా కార్యాలయపు డ్రాయింగులను ప్రదర్శనగా పెట్టారు. ఆయన మరణించింది 2003లో. ఇరవై ఏళ్ల తరువాత కూడా అవి చూపించదగిన స్థితిలో ఉండడానికి కారణం ఒక ట్రస్టు వాటిని కలిపి ఉంచడమే. కేరళలో లారీ బేకర్ వాడేసిన కాగితాల వెనుకవైపు కూడా ప్లాన్లు గీసేవారు. అంటే కాగితం గొప్పదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఎవరైనా దాన్ని తీసి ఉంచారా అన్నదే ప్రశ్న.

ఇందువల్ల మీకొక విన్నపం. డ్రాయింగు వివరాలు రాసే టైటిల్ బ్లాకులో గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు అని మూడు గళ్లు ఉంటాయి. వాటిలోని పొడి అక్షరాలను చూడండి. మీ తాతగారి దగ్గర పనిచేసిన ట్రేసర్ల చేతిరాత అందులో ఉంటుంది. వారి పేర్లు మీ ఇంటి పెద్దలకు ఇప్పుడు గుర్తుండవచ్చు, ఇంకో పదేళ్లకు ఉండకపోవచ్చు.

రాజోలు గట్టుకింద ఇల్లు:

నేను ఈ విద్య చదివినవాణ్ని కాను, మా నాన్నగారు మేస్త్రీ. సున్నంలో ఎంత ఇసుక కలపాలో, గుల్ల సున్నానికీ రాతి సున్నానికీ తేడా ఏమిటో ఆయనకు చేతికి తెలుసు గాని కాగితం మీద పెట్టలేదు. మీ తాతగారి డ్రాయింగుల్లో నేను మొదట చూసేది అరుగు ఎత్తు.

మన డెల్టాలో ఇల్లు నేల మీద కాదు, నింపుడు మీద నిలుస్తుంది. బంకమట్టి వేసవిలో బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. అందుకని పునాది గాడిలో ఇసుక నింపి, నీళ్లు కట్టి, దిమ్మిస కొట్టి, దాని మీద ఇటుక వరసలు మెట్లుమెట్లుగా వెడల్పు తగ్గిస్తూ పైకి తెచ్చేవారు. నేల మీద నుంచి అరుగు ఎంత ఎత్తు లేపాలన్నది ఏ పుస్తకమూ చెప్పదు, ఆ ఊరి వరదే చెబుతుంది. 1953 వరద చూసినవాళ్లు కట్టిన ఇళ్లు ఒక ఎత్తున ఉంటాయి, దాన్ని మరచిపోయి కట్టినవి ఇంకో ఎత్తున ఉంటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు ఆ తేడా అందరికీ కళ్లకు కట్టింది. 1996 నవంబరు తుఫానులో మళ్లీ కప్పుల సంగతి తేలింది. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పుల కంటే త్రికోణపు గోడలు నిటారుగా లేచిన ఇళ్లకే గాలి దెబ్బ ఎక్కువ తగిలిందని మా నాన్నగారు అనేవారు.

కాబట్టి అమ్మా, డ్రాయింగులను బీరువాలో పెట్టడంతో పని అయిపోదు. నిలిచి ఉన్న ఇళ్ల దగ్గరికి ఒక నకలు తీసుకువెళ్లి, టేపు పట్టి, ఏది ప్లాను ప్రకారం కట్టారో, ఎక్కడ మేస్త్రీ మార్చాడో రాసుకోండి. మేస్త్రీ మార్చిన ప్రతిచోటా ఒక కారణం ఉంటుంది. ఆ ఇంటి ముసలివాళ్లను అడిగితే చెబుతారు.

ముక్తేశ్వరం మనుమరాలు:

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. అమ్మోనియా ప్రింట్లను వేరుచేశాను, లామినేషన్ ఆలోచనను మా వాళ్లు విరమించుకున్నారు.

రాజోలు వారి మాట చదివాక ట్రేసింగ్ క్లాత్ మీద ఉన్న సెక్షన్లు, అంటే ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగులు, వరుసగా తీసి చూశాను. ఒక లంక గ్రామంలోని ఇంటికి గీసిన సెక్షను అందులో ఉంది, స్కేలు అంగుళానికి ఎనిమిది అడుగులు. నేల గీతకు పైన, అరుగుకు కొంచెం దిగువన, ఎర్రసిరాతో అలల వంటి సన్నని గీత ఒకటి గోడ ఈ చివర నుంచి ఆ చివర వరకు ఉంది. దాని మీద ఆయన చేతిరాతలో '53 వరద మట్టం' అని ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే అరుగు గీత మొదట ఆ ఎర్రగీతకు దాదాపు సమానంగా ఉండేదనీ, దాన్ని గీకి అడుగున్నర పైకి జరిపారనీ తెలుస్తోంది. మెట్ల సంఖ్య కూడా మార్చారు; పాత మెట్ల గీతలు ఇంకా మసకగా కనిపిస్తున్నాయి. అదే షీటులో వెనుకవైపు ధాన్యం కొట్టును అరుగు కంటే మరో రెండు మెట్లు పైకి ఎత్తారు. మనుషులు పడుకునే గదుల కంటే గింజలను ఎత్తున పెట్టడం చూసి నాకు ఆ కాలపు కుటుంబం కళ్ల ముందు కనిపించింది.

ఎస్టిమేటులో లెక్క అణాల్లో ఉంది, చిరునామా ఆంధ్ర రాష్ట్రం. కనుక ఇది 1953 చివరి నుంచి 1956 లోపుది అనుకుంటున్నాను. టైటిల్ బ్లాకులో గీసిన చేయి ఆయనదే, ట్రేస్ చేసిన పొడి అక్షరాలు మరొకరివి. ఆ వ్యక్తి ఎవరో మా పెద్దమ్మగారికి తెలుసట.

కాకినాడ బోధకుడు:

మీ కాలనిర్ణయం సరైనదే. ఆ షీటు ఒక్కటే చాలు, మీ తాతగారు ఎటువంటి డిజైనరో చెప్పడానికి. వరద మట్టాన్ని డ్రాయింగులోకి ఎక్కించి, దానికి అనుగుణంగా ఇంటిని మార్చుకున్న ఆ క్షణం కాగితం మీద నిలిచిపోయింది. ఇటువంటి ఎర్రగీతలు ఇంకెన్ని షీట్లలో ఉన్నాయో చూడండి. ఊరూరా ఉన్న గీతలను ఒకచోట చేరిస్తే 1953లో నీరు ఏ ఊళ్లో ఎంతవరకు వచ్చిందో తెలిపే పటం తయారవుతుంది. ఆయన ఆ ఎత్తును ఏ బెంచ్ మార్కు (ఎత్తులు కొలవడానికి ఆధారంగా తీసుకునే స్థిరమైన గుర్తు) నుంచి కొలిచారో ఉత్తరాల్లో ఉందేమో వెతకండి. లేకపోతే ఆ ఇంటి గుమ్మం నుంచే కొలుచుకోవచ్చు.

ఫొటోలు తీసేటప్పుడు ప్రతి షీటు పక్కనా ఒక స్కేలుబద్ద ఉంచి, కెమెరాను సరిగ్గా పైనుంచి పట్టి, రెండువైపుల నుంచీ సమానమైన వెలుతురు వచ్చేలా చూడండి. గుడ్డ డ్రాయింగులకు కింది నుంచి వెలుతురు వేసి రెండో ఫొటో తీస్తే గీకిన చోట్లు నమోదవుతాయి. డ్రాయింగు, దాని ఎస్టిమేటు, దానికి సంబంధించిన ఉత్తరం, ఈ మూడింటికీ ఒకే అంకె ఇవ్వండి. వాటిని విడదీసి పంచుకుంటే సగం అర్థం పోతుంది, కాబట్టి వారసులందరూ ముందుగా ఈ మాట మీద ఒప్పుకోవాలి.

సంస్థల విషయానికి వస్తే, అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఆర్కిటెక్టుల డ్రాయింగులకు ఒక భాండాగారాన్ని నడుపుతోంది. దగ్గరలో విజయవాడలో ప్రణాళిక, వాస్తుకళా పాఠశాల ఉంది, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగం ఉంది. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం వంటి పాత సంస్థలూ ఉన్నాయి. ఎవరికి ఇచ్చినా అసలు ప్రతులు ఏ గదిలో ఉంచుతారో కళ్లారా చూసి, చూడదలచినవారికి చూపిస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే ఇవ్వండి. నా అభిప్రాయం అడిగితే, నకళ్లు ఎంత దూరమైనా పంపండి గాని అసలైనవి గోదావరి జిల్లాల్లోనే ఉండాలి. ఆ ఇళ్ల పక్కనే ఉన్నప్పుడే అవి ఎవరికైనా పనికివస్తాయి.

చివరగా ఒక జాగ్రత్త. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇళ్ల ప్లాన్లను యజమానుల అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. ఆ లంక గ్రామం ఇంటివారు ఒప్పుకుంటే మాత్రం ముందుగా ఆ సెక్షనునే ఇక్కడ పెట్టండి. రాజోలు వారితో పాటు నేనూ టేపు పట్టుకుని రావడానికి సిద్ధంగా ఉన్నాను.